రంగమునుండి రాకపోకలు

పరదేశమున కేగినవాడు ధనమెంత గడించెనని లోకము లెక్కించును. వాడు ఎన్నిమారులు స్వగ్రామమునకు వచ్చి తనవారిని చూచుకొనగలిగెనని లెక్కించువారు అరుదు. మా యభిప్రాయమున వలసల చరిత్రను గ్రహించుటకు ఈ రెండవ లెక్కయే ముఖ్యమైనది. మరలివచ్చు త్రోవ తెఱచియున్నంత కాలము పరదేశవాసి కుటుంబములోనివాడే. అది మూతపడిన నాడు వాడు ఇంటివారికి జ్ఞాపకముగా మాత్రమే మిగులును. ఇందులకు ఆంధ్రుల బర్మావలసకంటె స్పష్టమైన నిదర్శనమును మేమెఱుగము.

దూరపు వలసలలో ఈ త్రోవ మొదటినుండియు ఇరుకైనదే. మదరాసునుండి బయలుదేరిన ట్రూరో యను నోడ 1860 నవంబరు 16వ తేదీన దక్షిణాఫ్రికాలోని దర్బను రేవు చేరెను. అది మొదలు 1911 వరకు వేలకొలది తమిళులును ఆంధ్రులును ఒడంబడిక కూలీలై అక్కడి చెఱకుతోటలకు పోయిరి. పదియేండ్లు ఆ దేశమున నివసించినవారికే ఉచితముగా తిరిగివచ్చు హక్కు కలిగెడిది. పదియేండ్లలో వృద్ధులైన తల్లిదండ్రులు గతింతురు. ఊయెలలో విడిచిన బిడ్డ తండ్రిని గుర్తింపజాలడు. కావున ఆ కూలీకి శాశ్వతముగా వచ్చుటయో, ఎన్నడును రాకుండుటయో తప్ప, చూచిపోవుట యనునది లేదు.

బర్మాత్రోవ యిట్టిది కాదు. 1852లో దిగువ బర్మాయు, 1885లో మండలేయు ఆంగ్లేయుల వశమైన పిదప ఐరావతీ ముఖభూములలో వరిసాగు మిక్కిలి ప్రబలెను. రంగూనులోని ధాన్యపు మిల్లులకును రేవునకును కూలీలు కావలసివచ్చిరి. కాకినాడ, విశాఖపట్టణము, భీమునిపట్టణము, కళింగపట్టణము, బారువ రేవులలో పొగయోడ నెక్కినవాడు కొలది దినములలోనే అక్కడ దిగెడివాడు. మనవారు ఆ నగరమును రంగమనిరి. అక్కడివారు మనవారిని కోరంగులనిరి. కోరంగి రేవు 1839 నాటి యుప్పెనలో పాడైపోయినను, దాని పేరు సముద్రపు టావలి యొడ్డున నిలిచియుండుట వింతయే. 1931 జనాభా లెక్కలనాటికి సుమారు 4 లక్షల జనముగల రంగూనులో సగమునకు మించి భారతీయులే యుండిరి.

వీరిలో పెక్కుమంది ఆలుబిడ్డలను ఇంటనే విడిచి, రెండు మూడేండ్లు పనిచేసి, కొన్ని నెలలు ఊర గడపి, మరల పోవుచుండిరి. ఓడ దగ్గఱగా నుండుటచేతనే యిది సాధ్యమయ్యెను. అయినను త్రోవ సుగమమని చెప్పరాదు. మేస్త్రీ ముందుగా అప్పిచ్చి కూలీని తీసికొనిపోవును. అది తీరినగాని కూలీకి ఇంటిత్రోవ లేదు. వచ్చినప్పుడు చుట్టములకు చీరలు, పిల్లలకు బొమ్మలు, దేవునికి మ్రొక్కుబడి, చెల్లెలికి కట్నము కావలెను. చేతిలోని సొమ్ము చాలక మరల మేస్త్రీ నాశ్రయించి, అప్పుతోనే యోడ నెక్కవలెను. ఈ కాలమంతయు సేద్యమును, పశువులను, ముసలివారిని చూచుకొన్న యిల్లాలి కష్టమును ఏ లెక్కలోను ఎవ్వరును వ్రాయలేదు.

కూలివాడు శాస్త్రము నడుగక సముద్రము దాటెను. చదువుకొన్నవారి యిండ్లలో మాత్రము సీమనుండి వచ్చిన కుమారుని ప్రాయశ్చిత్తము లేనిదే పంక్తిలో కూర్చుండనీయని దినములు కలవు. బౌధాయన ధర్మసూత్రము సముద్రయానమును పతనహేతువులలో చేర్చిన మాట నిజమే. కాని ఆ గ్రంథమే దానిని ఉత్తరదేశీయుల యాచారములలో నొకటిగా పేర్కొనుచున్నది. వెడలిన బిడ్డకు వాకిలి మూయుటకు శాస్త్రముకంటె మన నిర్దయయే హెచ్చు కారణమని మా తలంపు.

ఇక బర్మాత్రోవ ఎట్లు మూతపడెనో చూతము. 1930 మే నెలలో రంగూను రేవుకూలీలైన ఆంధ్రులు కూలి పెంచుమని సమ్మెచేయగా, వారి స్థానమున బర్మీయులను నియమించిరి. సమ్మె ముగిసి పాతవారు పనిలోనికి రాగానే ఘోరమైన కలహము చెలరేగి పెక్కుమంది హతులైరి. 1937లో బర్మా భారతదేశమునుండి వేఱుపఱుపబడెను. 1941 జూలైలో ప్రవేశమును నిర్బంధించు ఒడంబడిక జరిగెను. ఆ యేడు డిసెంబరు 23న జపానువారి బాంబులు రంగూనుపై పడెను. ఓడలలో చోటు దొరకని లక్షలాది జనము అరకాను కొండలగుండను, తమూ మీదుగా మణిపురమునకును కాలినడకన బయలుదేరిరి. ఆకలిచేతను, విషూచిచేతను త్రోవలో వేలకొలది మరణించిరి. కొలది దినముల యోడప్రయాణము నెలల చావునడక యయ్యెను. నిలిచినవారిలోను, పిదప మరల పోయినవారిలోను అనేకులు 1962లో సైనికప్రభుత్వ మేర్పడి వ్యాపారములను జాతీయము చేసిన మీదట ఉన్నదంతయు విడిచి వచ్చిరి. విశాఖపట్టణమున కంచరపాలెములోని బర్మాక్యాంపు ఆ రాకకు గుర్తుగా నేటికిని ఆ పేరుతోనే యున్నది.

ఇది గతించిన కథయని పాఠకులు తలంపరాదు. నేడు విమానము దినములను గంటలుగా కుదించినది. అయినను గల్ఫుదేశములలో పనిచేయువారిలో పెక్కుమందికి రెండేండ్ల ఒడంబడిక ముగిసినగాని సెలవు లేదు. అమెరికాలో నున్నవారు వీసా ముద్ర మరల పడునో లేదో యను భయమున రాక నిలిచిపోవుచున్నారు. మా తరగతిలోని యొక బాలుని, తండ్రి కువైటునుండి ఎప్పుడు వచ్చునని యడుగగా, వాడు నెల పేరు చెప్పలేదు. “అప్పు తీరినాక వస్తాడండీ” అనెను. ఆ మాట వినగానే మాకు రంగపు మేస్త్రీ జ్ఞప్తికి వచ్చెను.

చట్టములను సవరించుట ప్రభుత్వముల పని. ఆడంబరములు తగ్గించుట మన యింటి పని. వివాహముల వ్యయమును, బహుమానముల యాశను మానినచో ఆ యప్పులో కొంతభాగమైనను పుట్టకుండును. మీవారు పరదేశమున నున్నచో, ఏమి తెచ్చెదవని యడుగకుడు. వచ్చుటకు ఎంత సొమ్ము కొఱతపడుచున్నదో యడిగి, ఆ కొఱత ఇంటివారే పూరింపుడు.