బండ పని, పడక వైద్యం, మోకాలి నొప్పి

తాండూరు నేల అడుగున పొరలు పొరలుగా పరుచుకొని ఉన్న సున్నపురాయిని నాపరాయి అనీ, కర్ణాటకలోని పొరుగూరి పేరు మీద షాబాదు బండ అనీ పిలుస్తారు. 1874లో వాడి–సికింద్రాబాదు రైలు మార్గం తాండూరు, వికారాబాదుల మీదుగా పడ్డాక, ఎడ్లబండి మోయలేనంత బరువైన ఈ సరుకును దూరప్రాంతాలకు చేర్చే వీలు కలిగింది. గుల్బర్గా జిల్లాలో ఉన్న తాండూరు తాలూకా 1956లో ఆంధ్రప్రదేశ్‌లో కలిసినా, బండ పని మాత్రం సరిహద్దుకు అటూ ఇటూ ఒక్కతీరుగానే సాగింది.

పై మట్టి తీసి, పొరల సందున గడ్డపార దూర్చి, రాయి విరగకుండా పలకగా లేపాక, దాని పక్కన గొంతుక్కూర్చొని సుత్తితో, ఉలితో అంచులు సరిచేసి, అదే భంగిమ నుంచి బరువుతో పైకి లేవడం ఈ పనిలో రోజంతా జరిగేదే. మోకాలు పూర్తిగా ముడిచి బరువెత్తినప్పుడు, ఎముకల చివర్లను కప్పి ఉండే మెత్తని మృదులాస్థి మీద ఒత్తిడి విపరీతంగా పెరుగుతుంది. ఆ పొర క్రమంగా దెబ్బతిని కీలు నొప్పి, బిగుతు కలిగించే స్థితినే వైద్యులు ఆస్టియో ఆర్థరైటిస్ అంటారు. ఇంగ్లండు బొగ్గుగని కార్మికుల మోకాళ్లలో ఈ మార్పులు ఇతరులకన్నా ఎక్కువని పరిశోధకులు కెల్‌గ్రెన్, లారెన్స్ 1952లోనే ఎక్స్‌రేలతో చూపారు. 

ఇలాంటి కీళ్ల నొప్పికే కాదు, ఆ రోజుల్లో చాలా రోగాలకు వైద్యం అంటే విశ్రాంతే. వికారాబాదు పక్కన అనంతగిరి కొండ మీద వెలసిన క్షయ శానటోరియం కూడా గాలి, తిండి, పడక మీద నమ్మకంతో నడిచిన సంస్థల కోవలోదే. మద్రాసులో క్షయ రోగులపై జరిగి 1959లో వెలువడిన అధ్యయనం, ఇంట్లోనే మందులు వాడినవారూ శానటోరియంలో చేరినవారితో దాదాపు సమానంగా కోలుకొన్నారని తేల్చి, ఆ నమ్మకాన్ని కదిలించింది.

మోకాళ్ల విషయంలో ఆ మార్పు ఇంకా ఆలస్యంగా వచ్చింది. 60 ఏళ్లు, ఆపై వయసున్న 439 మందితో అమెరికాలో సాగి 1997లో వెలువడిన పరిశోధనలో, 18 నెలల తరువాత, నడక సాధన చేసినవారి నొప్పి, ఆరోగ్య బోధన మాత్రమే పొందినవారికన్నా సుమారు 12 శాతం తక్కువగా నమోదైంది. ఇది అద్భుతమేమీ కాదు. అయినా నడిస్తే కీలు మరింత అరుగుతుందన్న భయానికి ఇది గట్టి జవాబు, ఎందుకంటే నడక తొడ కండరాలకు బలమిచ్చి కీలుకు ఆసరా పెంచుతుంది.

అయితే పొద్దంతా బండలు మోసిన మనిషికి ఈ సలహా అలాగే అప్పగించడం సబబు కాదు; అతని కాళ్లకు కదలిక కరవు కాలేదు, బరువుతో ముడుచుకోవడమే ఎక్కువైంది. నిలబడి పలకలు కోసే యంత్రపు రంపాలు వచ్చాక గొంతుక్కూర్చొని చెక్కే పని కొంత తగ్గినా, లారీకెక్కించే బరువు మాత్రం చాలాచోట్ల చేతుల మీదే ఉంది.