నీటికి కమిటీ ఉంది, నోటికి లేదు: బాబ్లీ సరిహద్దులో నోటి క్యాన్సర్

తెలుగు పత్రికల్లో బాబ్లీ అంటే నీళ్ల గొడవే. నాందేడ్ జిల్లా ధర్మాబాద్ తాలూకాలో, తెలంగాణ సరిహద్దుకు 7 కిలోమీటర్ల ఎగువన గోదావరి మీద మహారాష్ట్ర కట్టిన బ్యారేజీ అది. 14 గేట్లు, 2.74 టీఎంసీల నిల్వ. శ్రీరాంసాగర్ ఆయకట్టు రైతుల భయాలు, 2010 జులైలో అప్పటి ప్రతిపక్ష నేత చంద్రబాబునాయుడు తన పార్టీవాళ్లతో అక్కడికి బయల్దేరి ధర్మాబాద్‌లో నిర్బంధంలో ఉండటం, చివరకు 2013 ఫిబ్రవరి 28న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు చాలామందికి గుర్తే. ఆ తీర్పు ప్రకారం ఏటా జులై 1 నుంచి అక్టోబర్ 28 దాకా గేట్లు ఎత్తి ఉంచాలి. మార్చి 1న 0.6 టీఎంసీ కిందికి వదలాలి. ఈ లెక్క తప్పకుండా చూడటానికి కేంద్ర జలసంఘం ప్రతినిధి అధ్యక్షతన, రెండు రాష్ట్రాల ప్రతినిధులతో త్రిసభ్య కమిటీ పనిచేస్తోంది.

అదే సరిహద్దు మీదుగా పొగాకూ వక్కా కలిపిన పొట్లాలు కూడా వస్తూ పోతూ ఉంటాయి. వాటికి తేదీలు లేవు, గేట్లు లేవు, లెక్క రాసేవాళ్లు లేరు. నోటి క్యాన్సర్‌ను మహారాష్ట్ర తన లెక్కలో, తెలంగాణ తన లెక్కలో విడివిడిగా చూసుకుంటున్నంతకాలం బాబ్లీ లాంటి సరిహద్దు ఊళ్లలో అది ఎవరి కంటా పడదన్నది ఈ వ్యాసం వాదన. ఇది క్షేత్ర సర్వే కాదు. ప్రచురితమైన సర్వేలు, వైద్య అధ్యయనాలు, చట్టాలు చెప్పే విషయాలను ఒక సరిహద్దు ప్రాంతానికి అన్వయించి చూసే ప్రయత్నం.

ఈ ప్రాంతాన్ని ఎంచుకోవడానికి కారణం ఉంది. 1956 నవంబర్ 1 దాకా నాందేడ్, నిజామాబాద్ రెండూ హైదరాబాద్ రాష్ట్రంలోవే. ముధోల్ తాలూకా ఆనాడు నాందేడ్ జిల్లాలోది, ఆ పునర్విభజనతో ఆదిలాబాద్‌కు వచ్చింది. ధర్మాబాద్, బిలోలీ, దెగ్లూర్ తాలూకాల్లో ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ నడిచే కుటుంబాలు ఇప్పటికీ ఎన్నో. నిజామాబాద్ నుంచి బాసర మీదుగా ధర్మాబాద్, ఉమ్రీ, ముద్‌ఖేడ్ దాటి నాందేడ్ వెళ్లే రైలు మార్గమే వీళ్లకు ఆసుపత్రి దారి, పెళ్లి సంబంధాల దారి, సరుకు దారి కూడా.

ఇక రోగం సంగతి. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనాల ప్రకారం 2022లో భారతదేశంలో పెదవి, నోటి క్యాన్సర్ కేసులు దాదాపు 1.43 లక్షలు, మరణాలు దాదాపు 80 వేలు. ప్రపంచం మొత్తం మీద ఆ ఏడాది కేసులు 3.9 లక్షల లోపే. అంటే మూడింట ఒక వంతుకు పైగా మన దేశానివే. మన మగవాళ్లలో వచ్చే క్యాన్సర్లలో మొదటి స్థానం దీనిదే. పొగలేని పొగాకు, వక్క వల్ల వచ్చిన నోటి క్యాన్సర్లను విడిగా లెక్కగట్టిన అధ్యయనం 2024లో వెలువడింది. ప్రపంచంలో అలాంటివి సుమారు 1.2 లక్షలైతే అందులో 83 వేలకు పైగా భారత్‌వే. వీటిలో చాలా భాగం అలవాటు లేకపోతే రాకపోయేవే.

2016–17 నాటి గ్లోబల్ అడల్ట్ టొబాకో సర్వేలో పొగలేని పొగాకు వాడే పెద్దలు మహారాష్ట్రలో 24.4 శాతం, తెలంగాణలో 10.1 శాతం. దేశ సగటు 21.4. ఒక గీతకు అటూ ఇటూ ఇంత తేడా! కానీ ఆ గీత మ్యాపులోనే గట్టిది. రైలెక్కితే ధర్మాబాద్ తర్వాతి స్టాపు బాసర. అలవాట్లు మ్యాపు చూసి ఆగవు. తెలంగాణ సగటు తక్కువని సరిహద్దు మండలాలను కూడా నిశ్చింతగా వదిలేయడం పొరపాటు.

నోట్లో ఎక్కడ పెడితే అక్కడే

నోటి క్యాన్సర్‌కు ఒక విచిత్ర లక్షణం ఉంది. మనిషి ఏం వాడాడో, ఎక్కడ పెట్టుకున్నాడో పుండు పుట్టిన చోటును బట్టి చాలావరకు చెప్పొచ్చు. దీనికి తెలుగునేలే పెద్ద సాక్ష్యం. శ్రీకాకుళం జిల్లాలో చుట్టను నిప్పు కొన లోపలికి పెట్టి కాల్చే అలవాటు ఉండేది. అడ్డపొగ అంటారు. ఆడవాళ్లలో ఇది మరీ ఎక్కువ. డెన్మార్క్‌కు చెందిన పిండ్‌బోర్గ్, బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌లోని దంత పరిశోధన విభాగానికి చెందిన ఫాలీ మెహతా, వారి సహచరులు అక్కడి 10,169 మంది గ్రామీణుల నోళ్లు పరీక్షించి 1971లో ఫలితాలు ప్రచురించారు. నూటికి నలభై మందికి పైగా అడ్డపొగ తాగేవాళ్లే. వేడీ పొగా నేరుగా తగిలేది అంగిలికి కాబట్టి మచ్చలూ పుండ్లూ అంగిలి మీదే కనిపించాయి.

మహారాష్ట్రలో, తెలంగాణలో కథ వేరు. ఇక్కడ గుట్కా, ఖైనీ, జర్దా పాన్ దవడకూ చిగురుకూ మధ్య సందులో నొక్కి పెట్టుకుంటారు. ఒక్కోసారి గంటల తరబడి, కొందరైతే నిద్రలో కూడా. పుండు పుట్టేది ఆ సందులోనే. మన దేశపు నోటి క్యాన్సర్‌లో పెద్ద వాటా ఈ చిగురు–చెంప ప్రాంతానిదే. చూసేవాళ్లకు ఇది మేలైన విషయం. కడుపులో గడ్డలా దాక్కునేది కాదు. చెంపను వేలితో పక్కకు లాగి టార్చి వేస్తే కనిపిస్తుంది. తుడిచినా పోని తెల్ల మచ్చ, అంతకంటే ప్రమాదకరమైన ఎర్ర మచ్చ, మూడు వారాలైనా మానని పుండు చూడగలిగిన కళ్లు చాలు. కష్టమంతా చూసే మనిషి దొరకకపోవడంలోనే ఉంది.

వక్క తెచ్చే ముప్పు ఇంకోటి. గుట్కాలో పొగాకును మాత్రమే దోషిగా చూడటం అలవాటైపోయింది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో పొగాకుతో సంబంధం లేకుండా వక్కనే మనుషుల్లో క్యాన్సర్ కారకంగా తేల్చింది. వక్కలోని అరెకోలిన్ అనే రసాయనం, రాగి ధాతువు కలిసి చెంప పొరల కింద నారలాంటి కణజాలాన్ని పేరుస్తాయి. మొదట కారం తగిలితే మంట. తర్వాత చెంప పాలిపోయి తోలులా గట్టిపడుతుంది, లోపల తడిమితే తాళ్లలా తగులుతుంది. చివరకు నోరు తెరుచుకోదు. మామూలు మనిషి తన మూడు వేళ్లు నిలువుగా నోట్లో పెట్టుకోగలడు. ఈ రోగికి రెండు వేళ్లు పట్టవు, ముదిరితే ఒక్కటే. మిరపకు పేరున్న ధర్మాబాద్ ప్రాంతంలో పచ్చడన్నం తినలేకపోవడమే రోగానికి మొదటి గుర్తు కావడం విధి వైపరీత్యం. ఎర్నాకుళంలో ఇలాంటి 66 మందిని 17 ఏళ్లపాటు గమనిస్తే 7.6 శాతం మందికి క్యాన్సర్‌గా మారింది. గట్టిపడిన చెంపను వెనక్కు తెచ్చే మందు లేదు. ముదరకుండా ఆపడమే వైద్యం. పొగాకు లేని పాన్‌మసాలా కాబట్టి పర్లేదని పిల్లల చేతికి వక్కపొడి ఇచ్చే పెద్దలకు ఈ సంగతి ఎవరూ చెప్పడం లేదు.

పంటినొప్పి నుంచి మొదలు

నోటి ఆరోగ్యాన్ని, నోటి క్యాన్సర్‌ను రెండు పథకాలుగా నడపడం నా దృష్టిలో అసలు లోపం. గ్రామాల్లో పొగాకు అలవాటయ్యే దారుల్లో పంటినొప్పి ఒకటి. పుప్పిపన్ను సలుపుతుంది. దంతవైద్యుడు పట్నంలో ఉంటాడు, వెళ్తే రోజు కూలీ పోతుంది. పక్కింటావిడ చిటికెడు జర్దా ఇచ్చి పన్ను మీద అదిమి పెట్టుకోమంటుంది. కాసేపు తిమ్మిరెక్కి నొప్పి తగ్గినట్టే ఉంటుంది. పన్ను ఊడిపోయినా పొగాకు పోదు.

మహారాష్ట్రలో ఆడవాళ్లు వాడే మిశ్రీ దీనికి మరో రూపం. పొగాకును పెనం మీద నల్లగా మాడ్చి పొడి చేస్తారు. ఆ పొడితో వేలు పెట్టి పళ్లు తోముకుంటారు. ఉదయం ఒకసారితో ఆగదు, మధ్యాహ్నం, రాత్రి, పని మధ్యలో మళ్లీ మళ్లీ. గర్భిణులూ మానరు. దీన్ని పొగాకు వాడకంగా వాళ్లు లెక్కేయరు, మనం అడిగినా లేదనే అంటారు. శుభ్రత కోసం చేసే పని కదా! పొగాకు కలిపిన టూత్‌పేస్టులను, పళ్లపొళ్లను కేంద్రం 1992లోనే నిషేధించింది. ఇంట్లో మాడ్చుకునే పొడికి ఆ నిషేధం ఏం చేయగలదు? ఒక దంతవైద్యుడు నెలకోసారి ఊరికొచ్చి పుప్పిపన్ను తీసి, గార తొలగించి, వేపపుల్లో బ్రష్షో వాడమని చెబితే అది క్యాన్సర్ నివారణే. 2014–15లో మొదలైన జాతీయ నోటి ఆరోగ్య కార్యక్రమాన్ని ఈ కోణంలో నడపాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నివేదిక ప్రకారం నోటి వ్యాధులున్నవాళ్లు 350 కోట్ల మంది. ఇన్ని కోట్ల మందికి వచ్చేదాన్ని చిన్న రోగమని పక్కన పెట్టలేం.

నిషేధం ఏడాదికోసారి

గుట్కా మీద చట్టం లేదనలేం. ఆహార పదార్థాల్లో పొగాకు, నికోటిన్ వాడరాదని 2011లో ఆహార భద్రత నిబంధనలు వచ్చాయి. వాటి ఆధారంగా 2012లో మహారాష్ట్ర, 2013లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్, కర్ణాటక గుట్కాను నిషేధించాయి. తెలంగాణ 2024 మేలో మరోసారి ఏడాదిపాటు నిషేధ ఉత్తర్వు ఇచ్చింది. ఏడాదే ఎందుకంటే 2006 నాటి ఆహార భద్రత చట్టం 30వ సెక్షన్ కమిషనర్‌కు ఇచ్చిన అధికారం ఒక విడతకు ఏడాదికి మించదు. ఒక రాష్ట్రంలో ఉత్తర్వు ఒక తేదీన, పక్క రాష్ట్రంలో మరో తేదీన, నిషిద్ధ జాబితాలోనూ తేడాలు. మహారాష్ట్ర సువాసన సుపారీని కూడా నిషేధంలో చేర్చింది. కంపెనీలు పాన్‌మసాలా ఒక పొట్లంగా, పొగాకు మరో పొట్లంగా అమ్మి కొన్నవాడి అరచేతిలో గుట్కా తయారయ్యే ఏర్పాటు చేశాయి. ఇలాంటి జంట పొట్లాలకూ నిషేధం అమలు చేయాలని 2016 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు ఆదేశించినా పాన్‌డబ్బాల ముందు దండలు వేలాడుతూనే ఉన్నాయి.

బీడీ సంగతి మరీ ఇరకాటం. నిజామాబాద్, కామారెడ్డి, నిర్మల్, జగిత్యాల ప్రాంతాల్లో వేల ఇళ్లలో ఆడవాళ్ల చేతిలో తునికాకు, తంబాకు చేటే బతుకుతెరువు. తెలంగాణ ప్రభుత్వం వాళ్లకు పింఛను ఇస్తోంది, ఇవ్వాలి కూడా. ప్రత్యామ్నాయం చూపకుండా వాళ్లను దోషుల్ని చేసే ప్రచారం నాకు న్యాయంగా అనిపించదు.

క్యాన్సర్ కేసుల నమోదు దగ్గర ఖాళీ మరీ పెద్దది. 2012–16 కాలానికి జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీ ఇచ్చిన నివేదికలో మహారాష్ట్ర నుంచి ముంబయి, పుణె, నాగపూర్, ఔరంగాబాద్, ఉస్మానాబాద్–బీడ్, వార్ధా ఉన్నాయి. దేశంలోనే మొదటి గ్రామీణ రిజిస్ట్రీ అయిన బార్షీ కూడా ఉంది. నాందేడ్ లేదు. తెలంగాణ నుంచి హైదరాబాద్ ఒక్కటే. గోదావరికి ఇరువైపులా ఉన్న ఈ పల్లెలు రెండు లెక్కల్లోనూ లేవు. బాబ్లీ నుంచి నోటి పుండుతో బయల్దేరిన మనిషి నాందేడ్ వైద్య కళాశాలకు వెళ్లొచ్చు, ఔరంగాబాద్ క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్లొచ్చు, బంధువులున్నారని హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికి రావొచ్చు. హైదరాబాద్ వస్తే ఆరోగ్యశ్రీ వర్తించదు, అది తెలంగాణ కార్డుదారులకే. మహాత్మా జ్యోతిబా ఫులే పథకం మహారాష్ట్ర వాళ్లకు. ఏ కార్డు ఎక్కడ నడుస్తుందో తేల్చుకునేలోపు గడ్డ మెడలోకి దిగుతుంది.

దారి చూపిన ప్రయోగాలు మన దేశంలోనూ బయటా ఉన్నాయి. తిరువనంతపురం జిల్లాలో శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు ఇల్లిల్లూ తిరిగి నోళ్లు చూసిన అధ్యయనం 2005లో లాన్సెట్‌లో వచ్చింది. పొగాకు, మద్యం వాడేవాళ్లలో నోటి క్యాన్సర్ మరణాలు 34 శాతం తగ్గాయి. తైవాన్ 2004 నుంచి సిగరెట్టు, తమలపాకు–వక్క వాడేవాళ్లకు దేశమంతటా ఇలాంటి పరీక్షలు చేసి మరణాలు 26 శాతం తగ్గించుకుంది. మన దగ్గర 30 ఏళ్లు దాటిన అందరికీ నోరు పరీక్షించాలన్న కార్యక్రమం 2016లో రూపుదిద్దుకుంది. ఆ తర్వాత జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఎప్పుడైనా నోటి పరీక్ష చేయించుకున్నామన్నవాళ్లు ఆడవాళ్లలో 0.9 శాతం, మగవాళ్లలో 1.2 శాతం. పైగా ఈ 30 ఏళ్ల గీత నోటికి సరిపోదు. బడి వయసులో గుట్కా మొదలుపెట్టినవాడికి పాతికేళ్లకే నోరు బిగుసుకుంటోంది. అలవాటున్నవాళ్లకు వయసుతో పనిలేకుండా పరీక్ష చేయాలి.

నాందేడ్, నిర్మల్, నిజామాబాద్ జిల్లాల వైద్యాధికారులు చేయదగ్గ పనులు పెద్ద ఖర్చుతో కూడినవి కావు. ఇటు రోగి అటు వెళ్లినా అతని ఊరి పేరు మీదే కేసు రాసే ఉమ్మడి నమోదు కావాలి. ధర్మాబాద్, బిలోలీ తాలూకాల ఆశా కార్యకర్తలకు తెలుగులోనూ ప్రచార పత్రాలు ఇవ్వాలి. ప్రశ్నావళిలో గుట్కాతోపాటు మిశ్రీ, వక్కపొడి పేర్లు విడిగా అడగాలి. రెండు రాష్ట్రాల ఆహార భద్రత కమిషనర్లు నిషేధ ఉత్తర్వులు ఒకే రోజున, ఒకే జాబితాతో ఇవ్వాలి. జులై 1న గేట్లు ఎత్తే వేళ రెండు రాష్ట్రాల అధికారులు బాబ్లీ గట్టు మీద ఎలాగూ కలుస్తున్నారు. వచ్చే ఏడాది వాళ్ల వెంట ఒక్కో జిల్లా నుంచి ఒక్కో దంతవైద్యుణ్ని కూడా పంపాలని రెండు ప్రభుత్వాలకూ విజ్ఞప్తి.