సోమశిల రేవు

పల్లెదారిలో వాగుపై నిలిచిన పాత ఇనుప వంతెనను చూచినపుడు, దాని బలమెక్కడనున్నదో మనము అంతగా ఆలోచింపము. ఇనుప బద్దలను త్రికోణములుగా బిగించుటలోనే ఆ రహస్యమున్నది. నాలుగు బద్దల చట్రమును నెట్టిన ఒరిగిపోవును, త్రికోణము ఒరగదు. ఇంత చిన్న సూత్రము ఎన్ని ఊళ్లను కలిపినదో!

అట్టి వంతెన చాలని రేవొకటి నాగర్‌కర్నూలు జిల్లా కొల్లాపురము సీమలో ఉన్నది. అదియే సోమశిల. ఎగువన గద్వాల, వనపర్తి సీమల నడుమ కృష్ణను బీచుపల్లి వద్ద వంతెనపై దాటుదుము. సోమశిలలో మాత్రము తరతరములుగా పడవయే దిక్కైనది. 1980వ దశకములో శ్రీశైలము జలాశయము నిండగా నది మరింత వెడల్పైనది. ఊళ్లు, పొలములు మునిగినవి. సోమేశ్వరాలయమును విప్పి, ఎత్తైన చోట మరల నిలిపిరి. గుడిని తరలింపగలిగితిమి గాని, ఆవలి ఒడ్డుకు దారి చూపలేకపోతిమి.

2007 జనవరిలో మంచాలకట్ట చెంత పడవ మునిగి 61 మంది మరణించిరి. సోమశిల, సిద్ధేశ్వరముల నడుమ తీగల వంతెనకు కేంద్ర ప్రభుత్వము ఆమోదము తెలిపినది 2022 అక్టోబరులో. అంచనా వ్యయము 1,082 కోట్ల రూపాయలు. లోతు నీటిలో స్తంభములను తగ్గించుటకు తీగలు తోడ్పడును.

ఆ రెంటి నడుమ గడచినవి 15 ఏండ్లు. వంతెన చరిత్ర వ్రాయువారు కట్టిన ఏటినే గాక, కట్టక గడపిన ఏండ్లను కూడ లెక్కింపవలెనని మా మనవి.