వలందా పాప గౌను

గోపాలపట్నంలో మా అమ్మ పరికిణీ కుడితే కింద అంచులో రెండు మడతలు దాచేది. నేను పొడుగైనకొద్దీ ఒక్కొక్కటీ విప్పేది. ఇక్కడ నెదర్లాండ్స్‌లో, మా పాప బడిలో పాతకాలపు వేషాలు వేసే రోజుకి 18వ శతాబ్దపు గౌను కుడుతూ నేనూ రెండు మడతలు పెట్టాను. గుడ్డ కోసం వెదికితే దారి మన తీరానికే వచ్చింది.

మన పువ్వుల అద్దకాన్ని ఇక్కడి డచ్చివాళ్ళు 'సిట్స్' అంటారు. 1602లో పుట్టిన డచ్చి కంపెనీ కొద్ది ఏళ్ళకే మచిలీపట్నంలో దిగింది. అక్కడి వలందపాలెంలోని వలందాలు వీళ్ళే. భీమిలిలోని డచ్చి సమాధులూ వాళ్ళవే. వాళ్ళకి కావలసినవి లవంగాలు, జాజికాయ. అవి పండే దీవుల్లో మాత్రం మన బట్టకి గిరాకీ. అందుకని బట్ట కొన్నారు, తర్వాత అదే ఆమ్‌స్టర్‌డామ్‌కీ చేరింది.

కరక్కాయ, పాలు, పటిక, చిరివేరుతో మనవాళ్ళు వేసిన ఎరుపు ఉతికినా పోయేది కాదు. నూలు బట్ట మీద అలా నిలిచే రంగు వేయడం అప్పట్లో యూరపుకి తెలీదు. చంటిపిల్లల బట్టలకి అంతకన్నా ఏం కావాలి? స్థానిక నేతగాళ్ళ కోసం ఫ్రాన్సు 1686లో, ఇంగ్లండు 1721లో ఈ అద్దకాన్ని నిషేధించాయి. వర్తకుల మాట చెల్లే ఈ దేశం నిషేధించలేదు. ఫ్రీస్‌లాండ్‌లోని హిండెలోపెన్ ఊళ్ళో ఆడవాళ్ళు ఈ అద్దకం గుడ్డతో 'వెంట్కే' అనే పొడుగు అంగీ కుట్టించుకున్నారు. ఇంట్లో చావు జరిగితే నీలం తెలుపుల వెంట్కే వేసుకునేవారు.

నన్ను కదిలించినవి ఇక్కడి ఓ మ్యూజియంలోని ఆనాటి పిల్లల చిట్టి జాకెట్లు. పెద్దవాళ్ళ బట్ట పాతబడితే బాగున్న ముక్కలు ఏరి, పువ్వుకి పువ్వు కలిపి కుట్టేవారట. ఆరేడేళ్ళ దాకా మగపిల్లలకీ గౌన్లే. నడక నేర్చే పిల్ల పడితే దెబ్బ తగలకుండా తలకి మెత్తటి టోపీ, పట్టుకోవడానికి భుజాల దగ్గర పట్టీలు. ఇంత ముద్దుగా పిల్లల్ని పెంచిన దేశపు కంపెనీయే, కరువు కాలంలో మన తీరం మీద ఆకలితో ఉన్న మనుషుల్ని బానిసలుగా కొని, తూర్పు దీవుల్లోని తన స్థావరం బటావియాకి ఓడ ఎక్కించింది. ఆ సంగతి చెప్పకుండా మా పాపకి ఈ గౌను తొడగలేకపోయాను.

పెడన అద్దకం గుడ్డ అమ్మ పంపింది. చేతులు కత్తిరించాక వీపుకి చాల్లేదు. మిగిలిన ముక్కలు కలిపితే రెండు అతుకులు పడ్డాయి. ఓ తీగ మాత్రం అతుకు దాటి చక్కగా కలిసింది.