ఇనుప ఓడల కథలో ఒక ఉత్తరం

యుద్ధనౌకల చరిత్రల్లో స్త్రీలు కనిపించరు. ఓడని మాత్రం ఇంగ్లీషువాళ్లు ‘ఆమె’ అంటారు. అమెరికా అంతర్యుద్ధంలో రెండు ఇనుప తొడుగు ఓడలు చరిత్రలో మొదటిసారి తలపడిన కథ చదువుతుంటే, ఆ రెండు ‘ఆమె’ల మధ్య నిజంగానే ఒక ఆమె ఎదురైంది నాకు.

1861 ఏప్రిల్‌లో ఉత్తరాది సేనలు వర్జీనియాలోని గోస్‌పోర్ట్ నౌకాకేంద్రాన్ని వదిలి వెళ్తూ మెరిమాక్ అనే ఆవిరి ఓడని తగలబెట్టాయి. బానిసత్వాన్ని నిలుపుకోడానికి విడిపోయిన దక్షిణాది ప్రభుత్వం మునిగిన ఆ ఓడని పైకి తీసింది. కాలిన భాగం కోసేసి, ఇంటికప్పులా వాలుగా కలప గోడలు కట్టి, వాటికి నాలుగంగుళాల ఇనుము తొడిగి, వర్జీనియా అని పేరు పెట్టింది. ఆ ఇనుప పలకలు చేసిన రిచ్‌మండ్‌లోని ట్రెడెగార్ కర్మాగారంలో నల్లజాతి బానిసలు కూడా పనిచేశారు.

ఉత్తరాది పక్షాన జాన్ ఎరిక్సన్ మానిటర్‌ని రూపొందించాడు. నీటిమట్టానికి కాస్తే పైన ఉండే డెక్కు, దానిమీద గుండ్రంగా తిరిగే ఇనుప బురుజు, అందులో రెండు ఫిరంగులు. 1862 జనవరి 30న అది న్యూయార్కులో నీళ్లలోకి దిగింది.

ఫిబ్రవరి చివర్లో ఒక నల్లజాతి స్త్రీ నార్‌ఫోక్ నుంచి యుద్ధరేఖలు దాటి వాషింగ్టన్ చేరింది. నౌకాదళ మంత్రి గిడియన్ వెల్స్‌ని ఏకాంతంగా కలిసి, వర్జీనియా దాదాపు సిద్ధమైందని చెప్పింది. రుజువుగా, దుస్తుల్లో దాచి తెచ్చిన ఉత్తరం తీసి ఇచ్చింది. అది గోస్‌పోర్ట్‌లోనే పనిచేసే ఒక కార్మికుడు రాసింది. దారిలో పట్టుబడితే ఆమె గతేమిటో వేరే చెప్పాలా?

మార్చి 8న వర్జీనియా హాంప్టన్ రోడ్స్‌లో రెండు కొయ్య ఓడల్ని నాశనం చేసింది. రెండు వందల మందికి పైగా చనిపోయారు. మర్నాడు మానిటర్ ఎదురు నిలిచింది. గంటల తరబడి కొట్టుకున్నా ఏదీ ఓడలేదు.

ఆమె పేరు వెల్స్‌కి తెలుసు. 1872లో ఆమె సేవని ధ్రువీకరిస్తూ ఆమెకే ఉత్తరం రాశాడు. కానీ 1879లో పుస్తకంలో వచ్చిన ఆయన వ్యాసంలో ఆమె ‘ఒక నీగ్రో స్త్రీ’ మాత్రమే. ఎరిక్సన్‌కి పేరుంది, కెప్టెన్లకి పేర్లున్నాయి, ఓడలకీ ఉన్నాయి.

తర్వాతి కాలం ఆమె పేరు బయటికి తీసింది. మేరీ లూవెస్ట్, లూవెస్టర్, టూవెస్టర్ అని తలా ఒకలా రాసింది. అంతటితో ఆగలేదు. ఓడ నక్షాలు దొంగిలించిందనీ, ఆమె వల్లే మానిటర్ కట్టారనీ కథలల్లింది. ఆమె వచ్చేసరికే మానిటర్ నీళ్లలో ఉందన్న చిన్న లెక్క కూడా చూసుకోలేదు.

పేరు చెరిపేయడం అన్యాయమని మనందరికీ తెలుసు. లేని సాహసాలు అంటగట్టడం కూడా ఆమెని మళ్లీ చెరిపేయడమే అనిపిస్తుంది నాకు. చేసింది చాలదన్నట్టు ఆమెకి వీరగాథ తగిలిస్తే, అసలు చేసిన పని దాని కింద పడి కనబడకుండా పోతుంది. కళ్ల ముందు జరుగుతున్నది గమనించింది, దాని అర్థం తెలుసుకుంది, ప్రాణాలకి తెగించి చెప్పాల్సిన చోట చెప్పింది. స్త్రీల చరిత్ర రాసే మనం ఆమెని అంతమేరకే, అంత కచ్చితంగానే రాయాలి.