విస్టా పక్కన విండోస్ ఎక్స్‌పీ

విండోస్ విస్టా (2007) ఉన్న కంప్యూటర్‌లోనే మరో పార్టిషన్‌లో పాత విండోస్ ఎక్స్‌పీ (2001) ఎక్కించి, ఆన్ చేసినప్పుడు కావలసినదాన్ని ఎంచుకునే ఏర్పాటు. పాతది ముందు, కొత్తది తర్వాత వేయడమే మంచి పద్ధతి. వరుస తిరగబడితే చిక్కే: ఎక్స్‌పీ ఇన్‌స్టాలర్‌కు తన తర్వాత వచ్చిన బూట్ మేనేజర్ సంగతి తెలియదు, బూట్ సెక్టార్‌లో తన లోడర్ ఎన్‌టీఎల్‌డీఆర్‌ను పిలిచే కోడ్ రాసేస్తుంది. ఫైళ్లన్నీ డిస్క్‌లో భద్రంగానే ఉన్నా విస్టా మొదలవదు. అప్పుడు విస్టా డీవీడీలోని బూట్‌సెక్ట్ అనే సాధనంతో ఆ సెక్టార్‌ను తిరగరాసి, బీసీడీఎడిట్ అనే సాధనంతో బూట్ మెనూలో ఎక్స్‌పీని చేర్చాలి. వెంటనే కంటపడని నష్టం మరొకటుంది: ఎక్స్‌పీ నడిచినప్పుడు విస్టా డ్రైవ్‌లోని రిస్టోర్ పాయింట్లు చెరిగిపోతాయి. ఎక్స్‌పీకి సాధారణ భద్రతా అప్‌డేట్లు 2014 ఏప్రిల్‌లో ఆగిపోయాయి. దాన్ని ఇంటర్నెట్‌కు కలపకుండా వాడటమే క్షేమం.