బస్తరు బడులు, పరభాషలు

ఐరోపా, అమెరికా దేశములలో పెక్కుచోట్ల మాధ్యమిక పాఠశాలకు చేరిన బాలుడు ఫ్రెంచి యనియో స్పానిషు అనియో తన యిచ్ఛానుసారము ఒక పరభాషను వరించి, పాఠము ముగియగనే తన యింటిభాషలోనికి నిశ్చింతగ మరలిపోవును. మన యానాములో 1954 వఱకు సాగిన ఫ్రెంచి యేలుబడిలో తెలుగుపిల్లలు ఫ్రెంచి నేర్చినప్పుడును వీథిలో తెలుగే వినవచ్చుచుండెను. ఛత్తీస్‌గఢ్ దక్షిణభాగమందలి బస్తరు అడవులలోని బాలునకు ఇట్టి వరణస్వాతంత్ర్యము లేకుండెను. అచట చిరకాలము బడియనగా పరభాషయే.

అట్లని బస్తరు ఏకభాషా ప్రాంతమని తలంపరాదు. బార్సూరులో నాగవంశీయులనాటి తెలుగు శాసనము కలదు; నారాయణపాలులో 1111 నాటి సంస్కృత శాసనము కలదు. ఓరుగల్లు పతనానంతరము కాకతీయశాఖ యొకటి ఇచ్చటికి వచ్చి రాజ్యము స్థాపించెనని ప్రతీతి. ఆ వంశమువాడైన దిక్పాలదేవుడు 1703లో దంతేవాడ దేవాలయము చెంత రెండు శిలలు నిలిపించెను. ఒకదానిపై సంస్కృతమును, రెండవదానిపై దాని భావమునే దేశభాషలోను వ్రాసినవాడు మైథిల పండితుడైన భగవాన్ మిశ్రుడు. కలియుగమున సంస్కృతము చదువగలవారు అరుదగుదురు గనుక దేశభాషలోను వ్రాయవలసివచ్చినదని ఆ పండితుడే ఆ శాసనమున కారణము చెప్పుకొనెను. పాఠకుడు ఏ భాష ఎఱుగునో విచారించి వ్రాసిన ఈ రాజగురువునకు, రెండు శతాబ్దుల తరువాత వచ్చిన విద్యాధికారులకంటె లోకజ్ఞాన మధికమని నాకు తోచుచున్నది.

శిలలట్లుండ, ప్రజలకు భాషలను నేర్పిన గురుకులము వారపు సంత. గోండీ, భత్రీ, పర్జీ మాటలాడువారు ఉప్పు కొనుటకును ఇప్పపూవు అమ్ముటకును కలిసినచోట హల్బీ యందఱకును ఉమ్మడి భాషయైనది. దక్షిణమున కోంటా, భోపాలపట్నము దెస తెలుగు ఆ పని కొంత నెఱవేర్చెను. అచటి దోర్లావారి పలుకులో తెలుగు పాలు నేటికిని హెచ్చు. గ్రియర్సను 1905లో తన భాషాసర్వేక్షణమున హల్బీని మరాఠీ సంపుటములో చేర్చెను గాని, ఒడియా, ఛత్తీస్‌గఢీ పలుకులుకూడ కలిసిన ఈ భాష ఏ యొక్క సంపుటమునను సుఖముగ ఇముడునది కాదు. దీనిని నేర్చుటకై యెవ్వడును బెత్తము దెబ్బ తినలేదు.

బెత్తము వచ్చినది హిందీ బడితోడనే. ఇరువదవ శతాబ్ది తొలి దశకమున బస్తరు సంస్థానపు దివాను పండా బైజనాథు నిర్బంధవిద్యను ప్రవేశపెట్టగా, ఊళ్లు బడికి పిల్లల నంపవలసివచ్చెను. ఉపాధ్యాయుని భుక్తిభారముకూడ వారి నెత్తినే పడెను. 1910 ఫిబ్రవరిలో భూమ్‌కాల్ అను తిరుగుబాటు చెలరేగినప్పుడు ఠాణాలతోపాటు పాఠశాలలును దగ్ధములయ్యెను. అడవులను రిజర్వు చేయుటయే దానికి మూలమని చరిత్రకారులు సాధారణముగ వ్రాయుదురు, అది నిజమే. కాని బ్రిటిషు రాజకీయ ప్రతినిధియైన డి బ్రెట్ కారణముల పట్టిక వ్రాయుచు, పిల్లలను, తల్లిదండ్రులను ఉపాధ్యాయులు బాధించుటనుగూడ అందు చేర్చెను. అధికారియే అంగీకరించిన ఈ వాక్యమును మనవారు ఏల తేలికగ దాటిపోవుదురో తెలియదు.

తిరుగుబాటునకు నాయకుడని ప్రసిద్ధికెక్కిన గుండాధూర్ నేతానారు గ్రామమువాడు, ధుర్వా జాతీయుడు. వారి భాష పర్జీ. అది తెలుగునకు దాయాది యగు ద్రావిడభాష. అంతటి తిరుగుబాటు జరిగినను దాని పిదప చిరకాలము బడులలోనికి పర్జీ గాని గోండీ గాని రాలేదు. బడిపిల్లలకు దక్కని ఈ భాషలు దొరలకు మాత్రము పాఠ్యాంశము లయ్యెను: 1942లో ఎ. ఎన్. మిచెల్ జగదల్‌పురములో దండామి మారియాల గోండీకి వ్యాకరణము ప్రకటించెను. మఱి పదునొకండేండ్లకు, ఆక్స్‌ఫర్డులో సంస్కృతాచార్యుడైన బరో, సుధీభూషణ భట్టాచార్యునితో కూడి, పర్జీ వ్యాకరణమును, పాఠములను, పదకోశమును ఒకే గ్రంథముగ వెలయించెను. గుండాధూర్ పలుకు ఈ విధముగ ఆంగ్లగ్రంథమునకు ఎక్కినది. ఆ యేట అదే సీమలో అక్షరాభ్యాసమైన ధుర్వా బాలుడు మాత్రము హిందీ వాచకమునే చేపట్టెను.